లెక్కలకు మనిషిని పెట్టుకునే ముందు

చిన్న వ్యాపారం కాస్త పుంజుకునేసరికి ఎక్కడైనా ఒక ప్రశ్న లేస్తుంది. లెక్కలూ, అప్పులూ, బ్యాంకు వ్యవహారాలూ చూడటానికి జీతమిచ్చి తెలిసిన మనిషిని పెట్టుకోవాలా, వద్దా? పూర్వం ఆ మనిషిని గుమస్తా అనేవాళ్ళు. ఇప్పుడు ఫైనాన్స్ డైరెక్టర్ అంటున్నారు. ఇంత పెద్ద పేరుకు కొవ్వూరు లాంటి ఊళ్ళో పనేముందని ఎవరైనా నవ్వవచ్చు. పేరు సంగతి ఎలా ఉన్నా అవసరం మాత్రం నిజమైనదే. ఇద్దరు మనుషులతో మొదలుపెట్టిన పిండివంటల దుకాణంలో ఇరవై మంది పనిచేసే రోజు వస్తే, నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్న లెక్క చాలదు.

స్త్రీల హక్కుల గురించి రాసే పత్రికకు ఈ గొడవ ఎందుకని కూడా అడగవచ్చు. ఆ కొత్త మనిషి వచ్చి కూర్చోబోయే కుర్చీలో అంతవరకు ఎవరు కూర్చున్నారో ఒకసారి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

కొవ్వూరు గోదావరికి పడమటి గట్టున ఉన్న ఊరు. (2022లో జిల్లాలు మార్చినప్పుడు తూర్పు గోదావరి జిల్లాలోకి వెళ్ళింది. పడమటి గట్టున ఉండి తూర్పు పేరు మోయడం ఒక వింత.) ఎదురుగా రాజమండ్రి. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చాక సరుకూ, మనుషులూ, అప్పూ ఆ వంతెన మీదుగా అటూ ఇటూ నడిచాయి. లంకల్లో అరటి, డెల్టాలో వరి, పైన మెరక భూముల్లో పొగాకు. ఇక్కడ డబ్బు నెలనెలా వచ్చేది కాదు, పంటతో వచ్చేది. పంట డబ్బు చేతికొచ్చినప్పుడు కొంటారు, లేనప్పుడు రాయించుకుంటారు. ఇలాంటి చోట దుకాణం నడపడమంటే సరుకు అమ్మడం ఒక్కటే కాదు. ఎవరికి ఎంతవరకు అప్పు ఇవ్వవచ్చో, ఎవరిని ఎప్పుడు అడిగితే బాకీ వస్తుందో, ఎవరిని అడిగితే మనిషే రాకుండా పోతాడో తెలిసి ఉండాలి.

దుకాణం ముందు, ఇల్లు వెనక ఉన్న చోట ఈ సంగతులన్నీ తెలిసింది ఎక్కువగా ఇంటావిడకే. మధ్యాహ్నం ఆయన భోజనానికి లేస్తే గల్లా దగ్గర కూర్చునేది ఆమె. రాత్రి చిల్లర లెక్కపెట్టి కట్టలు కట్టేది ఆమె. పాలవాడికి, పనివాళ్ళకి, చీటీకి, పిల్లల ఫీజుకి ఎంతెంత పక్కన పెట్టాలో ఆమె మనసులో ఉంటుంది. ఈ వారం నెయ్యి బాకీ తీరుస్తే వచ్చే వారం బెల్లానికి డబ్బుండదని ఆమె ముందే చెబుతుంది. పెద్ద కంపెనీలో ఈ పని చేసేవాళ్ళకు ఒక హోదా, ఒక గది, ఒక జీతం ఉంటాయి. ఇక్కడ మాత్రం దాన్ని 'ఇంట్లో కాస్త సాయం చేస్తుంది' అంటారు.

2010లో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో గృహిణి పనికి విలువ కట్టవలసి వచ్చింది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలను యాచకులతో, ఖైదీలతో కలిపి ఉత్పత్తి చేయని వారి జాబితాలో చేర్చారని ఆ తీర్పులో తప్పుపట్టారు. దేశం మొత్తానికి లెక్కలు వేసేవారికే కనబడని పని ఇంట్లో వాళ్ళకు కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే వ్యాపారం లెక్కలు రాసే స్త్రీ విషయంలో ఇంకొక మెలిక ఉంది. ఆమె పని కనబడకపోవడంతో ఆగదు. వ్యాపారం పెరిగిన రోజున ఆ పని ఆమె చేతిలోంచి జారిపోతుంది.

అది ఎంత మర్యాదగా జరుగుతుందో చూడండి. "ఇన్నాళ్ళూ కష్టపడ్డావు, ఇక నీకెందుకు ఈ తలనొప్పి, మనిషిని పెడదాం" అంటాడు భర్త. ప్రేమగానే అంటాడు. ఆమెకూ నిజంగానే నడుము నొప్పిగా ఉంటుంది, సరేనంటుంది. మనిషి వస్తాడు, కంప్యూటరు వస్తుంది. నోటు పుస్తకం అటక మీదికి పోతుంది. ఆరు నెలల తర్వాత బ్యాంకులో ఎంత ఉంది, అప్పు ఎంత ఉంది అని ఆమె అడిగితే "నీకు అర్థం కాదులే" అనే జవాబు వస్తుంది. నిన్నటిదాకా ఆ లెక్క రాసిన మనిషికి!

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. గోదావరి దిగువన నరసాపురం చుట్టుపక్కల అల్లే లేసు కథ ఇదే. 19వ శతాబ్దిలో మిషనరీలు నేర్పిన ఈ పని పేద క్రైస్తవ స్త్రీల దగ్గర మొదలై, తర్వాత పరదా చాటున ఉండే కాపు కులపు స్త్రీల దాకా పాకింది. జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో అక్కడికి వచ్చి, ఆ స్త్రీల మధ్య ఉండి పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించింది. ఆమె చూసింది ఏమిటి? అల్లేది స్త్రీలు. రోజుకు ఆరేడు గంటలు, ఇంటిపని గాక. లేసు విదేశాలకు పోతుంది. వ్యాపారం, ఎగుమతి, ఆ లాభం మగవాళ్ళవి. అల్లే స్త్రీలను అందరూ, చివరికి వాళ్ళకు వాళ్ళే, ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే గృహిణులుగా చెప్పుకున్నారు. దారపు కండె ఖరీదెంత, గజం అల్లిక కూలి ఎంత, అదే గజం పై దేశంలో ఎంతకు అమ్ముడుపోతుంది అనే మూడు అంకెలు ఒకే చోట చూసే అవకాశం అల్లిన మనిషికి లేకపోయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ మూడు అంకెలు ఆమెకు కనబడుతున్నాయా అన్నది వేరే ప్రశ్న.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లోనే అలాంటి గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, ఆ సెగ ముందు గంటల తరబడి కూర్చుని రేకు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. అక్కడా ఇదే ప్రశ్న వెయ్యాలి.

ఇంత చెప్పాం కనుక బయటి మనిషిని పెట్టుకోవద్దు, ఆడవాళ్ళే లెక్కలు రాసుకోవాలి అని మేము అంటున్నామనుకోకండి. ఇంటావిడ నోటు పుస్తకాన్ని దేవుడి పటంలా పూజించనక్కర లేదు. దానికి హద్దులున్నాయి. అసలు ఈ ఫైనాన్స్ డైరెక్టర్ అనేవాడు, లేదా అనే ఆమె, ఏం చేస్తారో తెలుసుకుంటే ఆ హద్దు ఎక్కడో అర్థమవుతుంది.

గుమస్తా జరిగినదాన్ని రాస్తాడు. ఆడిటరు గారు ఏడాదికోసారి, రాసింది సరిగా ఉందో లేదో చూసి సంతకం చేస్తారు, పన్ను ఎంతో చెబుతారు. ఇద్దరూ వెనక్కి చూసేవాళ్ళు. మూడో మనిషి పని ముందుకు చూడటం. వచ్చే మూడు నెలల్లో ఎంత డబ్బు వస్తుంది, ఎంత పోతుంది, ఎక్కడ తక్కువవుతుంది, దాన్ని ఎక్కడినుంచి తేవాలి, ఏ వడ్డీకి తేవాలి, ఏ సరుకు మీద నిజంగా మిగులుతోంది, ఏది పేరుకు అమ్ముడవుతూ నష్టం తెస్తోంది అన్నవి ఆ మనిషి తేల్చాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. కొవ్వూరులో ఒక స్వీట్ల తయారీ కేంద్రం ఉందనుకుందాం. నెలకు 5 లక్షల రూపాయల అమ్మకం. అందులో ఖర్చు 4 లక్షల 25 వేలు. నెలకు 75 వేలు మిగులు. సరుకు తీసుకునే నగరపు దుకాణాలు రెండు నెలల తర్వాత డబ్బు ఇస్తాయి. పనివాళ్ళకు మాత్రం ప్రతి శనివారం ఇవ్వాలి. నెయ్యికి, జీడిపప్పుకు రొక్కం కట్టాలి. అంటే ఎప్పుడు చూసినా రెండు నెలల ఖర్చు, 8 లక్షల 50 వేలు, బయట ఉండిపోతుంది. ఇప్పుడు హైదరాబాదు నుంచి పెద్ద ఆర్డరు వచ్చి అమ్మకం రెట్టింపయింది. అందరూ సంతోషిస్తారు. బయట ఉండే డబ్బు 17 లక్షలవుతుంది. కొత్తగా కావలసిన 8 లక్షల 50 వేలు ఎక్కడినుంచి వస్తాయి? నెలకు లక్షన్నర మిగులు వచ్చినా, ఆ గుంట పూడటానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. లాభం వస్తూనే ఉంటుంది, శనివారం కూలీకి డబ్బుండదు. ఎంత అమ్మితే అంత ఇరుకు. ఈ సంగతి నోటు పుస్తకంలో కనబడదు, ఎందుకంటే అందులో ఆ రోజుది ఆ రోజే ఉంటుంది.

ఆ శనివారం ఏం జరుగుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. బీరువా తలుపు తెరుచుకుంటుంది. ఆమె గాజులు, నల్లపూసల గొలుసు బ్యాంకుకో, వంతెన అవతల తాకట్టు దుకాణానికో వెళతాయి. వ్యాపారానికి కష్టమొచ్చిన ప్రతిసారీ మొదటి పెట్టుబడి ఆమె బంగారమే. ఆ పెట్టుబడి ఏ పుస్తకంలోనూ రాయరు. బయటివాడి దగ్గర తెచ్చిన అప్పుకు పద్దు ఉంటుంది, వడ్డీ ఉంటుంది, గడువు ఉంటుంది. ఆమె దగ్గర తెచ్చినదానికి ఏదీ ఉండదు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా ఆ స్త్రీదేనని, అత్తింట్లో ఉన్నంతమాత్రాన భర్తకు అందులో వాటా పుట్టదని స్పష్టంగా చెప్పింది. అలాంటప్పుడు వ్యాపారంలో పెట్టిన బంగారాన్ని ఆమె ఇచ్చిన అప్పుగా, ఆమె పేరుతో, తేదీతో, తులాల లెక్కతో పుస్తకంలో రాయవలసిందే. కొత్తగా పెట్టుకునే లెక్కల మనిషి చేత మొట్టమొదట చేయించవలసిన పని ఇదని మా అభిప్రాయం. ఈ ఒక్క పద్దు రాయనని ఆ మనిషి మొహమాటపడితే, ఎవరి తరఫున పనిచేయడానికి వచ్చాడో అక్కడే తెలిసిపోతుంది.

మంచి లెక్కల మనిషి ఇంకొకటి కూడా చేయగలడు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారుల దగ్గర సరుకు తీసుకున్నవాళ్ళు, ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజులు దాటించకుండా డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పై లెక్కలోని స్వీట్ల కేంద్రం పేరు నమోదై ఉండి, ఈ మాట ధైర్యంగా అడిగి, రెండు నెలల గడువును నెలన్నరకు తగ్గించగలిగితే, 17 లక్షల్లో 4 లక్షల పాతిక వేలు తిరిగి చేతికి వస్తాయి. గాజులు బీరువాలోనే ఉంటాయి. కనుక తెలిసిన మనిషి దండగ ఖర్చు అని అనడానికి వీల్లేదు.

ఇక సంతకాల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దెబ్బ తగిలేది ఇక్కడే.

పన్ను కోసమో, మహిళలకిచ్చే రుణాల కోసమో, భర్త ప్రభుత్వోద్యోగి కావడం వల్లనో ఎన్నో వ్యాపారాలు భార్యల పేరు మీద ఉన్నాయి. ఆమె యజమానురాలు, లేదా భాగస్వామి, లేదా కంపెనీలో డైరెక్టరు. కాగితం మీద. ఆమె చేసేది, కాగితం తెచ్చి వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేయడం. 1932 నాటి భాగస్వామ్య చట్టం 25వ సెక్షను ప్రకారం సంస్థ చేసిన అప్పుకు ప్రతి భాగస్వామీ, ఉమ్మడిగానూ విడిగానూ, పూర్తి బాధ్యురాలు. 'నాకు తెలియదు' అనే మాట అప్పులవాడి ముందు చెల్లదు. ఆమె సంతకం చేసిన చెక్కు తిరిగొస్తే చెక్కుల చట్టం 138వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు. 2017లో కేంద్రం, వరసగా మూడేళ్ళు లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లను మూడు లక్షల మందికి పైగా అనర్హులుగా ప్రకటించింది. కంపెనీలో తన పేరుందని ఆ ప్రకటన వచ్చాకనే తెలుసుకోవలసిన స్థితి, పేరుకు డైరెక్టరుగా ఉన్న ఏ ఇల్లాలికైనా రావచ్చు.

చట్టం బాధ్యత పెట్టినప్పుడు హక్కు కూడా ఇచ్చింది. అదే భాగస్వామ్య చట్టం 12వ సెక్షను ప్రతి భాగస్వామికీ సంస్థ లెక్కల పుస్తకాలు చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు ఉన్నాయంటోంది. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షను డైరెక్టరుకు పనివేళల్లో లెక్కలు తనిఖీ చేసే హక్కునిచ్చింది. 'మా ఆయన్ని అడగండి' అని లెక్కల మనిషి ఆమెను తిప్పి పంపడానికి వీల్లేదు. సంతకం ఎవరిదో జవాబు వాళ్ళకు చెప్పాలి.

ఈ రోజుల్లో సంతకం కంటే బలమైనది ఫోను. బ్యాంకు ఖాతా ఆమె పేరు మీద ఉంటుంది, డబ్బు కదిలినప్పుడు వచ్చే ఓటీపీ మాత్రం భర్త ఫోనుకో, కొడుకు ఫోనుకో, చివరికి లెక్కలు చూసే మనిషి ఫోనుకో వస్తుంది. పూర్వం గల్లాపెట్టె తాళంచెవి బొడ్డున దోపుకున్న అత్తగారికి ఉన్న అధికారం కూడా ఖాతాదారైన ఈ కోడలికి లేకుండా పోయింది.

మన సంఘాల విషయానికి వద్దాం. పక్కింటి వ్యాపారాలకు నీతులు చెప్పి మన సంగతి దాచుకోవడం బాగుండదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం తర్వాత పొదుపు ఉద్యమం ఊరూరా అల్లుకుంది. డ్వాక్రా సంఘాలు, వాటిపైన గ్రామ సంఘాలు, ఆపైన మండల సమాఖ్యలు. రోజుకు రూపాయి పొదుపుతో మొదలైనవాళ్ళు లక్షల రుణాలు తిప్పే స్థితికి వచ్చారు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరై, ప్రభుత్వం జోక్యం లేకుండా తమ సంస్థను తామే నడుపుకునే వీలూ వచ్చింది. అప్పుడే లెక్కలు రాసే మనిషి అవసరమూ వచ్చింది. చాలా చోట్ల ఆ పని బాగా జరిగింది. సభ్యురాలి కూతురే పదో తరగతి చదువుతో పుస్తకాలు నేర్చుకుని తర్వాత సమాఖ్య లెక్కలు మోసిన సందర్భాలున్నాయి. కాని పుస్తకాలన్నీ రాసే మనిషి ఇంట్లో ఉండటం, సమావేశంలో చదివి వినిపించకుండానే తీర్మానం మీద వేలిముద్రలు పడటం, కట్టిన వాయిదా బ్యాంకులో జమ కాలేదని ఏడాది తర్వాత తెలియడం కూడా చూస్తూనే ఉన్నాం. అక్కడ మోసం ఒక మనిషిదే అనుకుంటే సగమే అర్థం చేసుకున్నట్టు. చూడవలసినవాళ్ళు చూడటం మానేసిన రోజునే దానికి దారి పడింది.

2010లో సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యల వార్తలు వచ్చి, ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిన సంగతి గుర్తుంది కదా. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పు ఇచ్చాయి. ప్రతి సంస్థ దగ్గరా తన అప్పు లెక్క పక్కాగా ఉంది. ఆ ఇంటి మొత్తం అప్పు ఎంత అని ఒక కాగితం మీద కూడి చూసినవాళ్ళు మాత్రం లేరు. అప్పు తీసుకున్నవారి తరఫున లెక్క వేసే మనిషి లేకపోవడం అంటే అది.

పెట్టుకుంటే ఎలా పెట్టుకోవాలో చూపించినవాళ్ళు కూడా ఉన్నారు. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. ఇప్పుడు వేలాది స్త్రీల సంస్థ. అందులో అప్పడాలు చేసే స్త్రీలే సభ్యులు, సభ్యులే యజమానులు. నడిపేది 21 మంది స్త్రీల కమిటీ, అందులో ఇద్దరు కోశాధికారులు. మగవాళ్ళను కూడా తీసుకున్నారు, లెక్కలు రాయడానికి సైతం. కాని జీతగాళ్ళుగా. సభ్యత్వం ఇవ్వలేదు. అంటే తెలిసినవాడి తెలివిని అద్దెకు తెచ్చుకున్నారు, పెత్తనం మాత్రం అప్పగించలేదు. 1974లో అహమ్మదాబాదులో సేవ సంస్థ నాలుగు వేలమంది పేద స్త్రీలు తలా పది రూపాయలు వేసుకుని బ్యాంకు పెట్టినప్పుడు, చదువురాని ఆడవాళ్ళు బ్యాంకేమిటన్నారు. చదువున్న ఉద్యోగులను పెట్టుకున్నారు, పాస్‌పుస్తకం మీద సంతకానికి బదులు ఫోటో అంటించారు. ఆ బ్యాంకు ఇప్పటికీ ఉంది.

పెద్ద జీతం, పెద్ద డిగ్రీ ఉన్న మనిషిని పెట్టుకుంటే డబ్బు భద్రంగా ఉంటుందన్న భ్రమ కూడా వద్దు. మన పశ్చిమ గోదావరి నుంచే వెళ్ళి హైదరాబాదులో సత్యం కంపెనీ స్థాపించిన రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన ఉత్తరంలో, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నాడు. ఆ కంపెనీకి ఆర్థికాధికారి ఉన్నాడు, పేరున్న ఆడిటర్లున్నారు, పెద్దపెద్ద డైరెక్టర్లున్నారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన పదిమందిలో ఆ ఆర్థికాధికారి కూడా ఉన్నాడు. (పై కోర్టు అప్పీలు మీద ఆ శిక్షల అమలు ఆపింది.)

మరి కొవ్వూరులో పదిమందో పాతికమందో పనిచేసే వ్యాపారం ఏం చెయ్యాలి? చట్టం బలవంతం ఏమీ లేదు. ఆర్థికాధికారి తప్పనిసరి అన్న నిబంధన స్టాకు మార్కెట్లో ఉన్న కంపెనీలకు, 10 కోట్ల మూలధనం దాటిన పబ్లిక్ కంపెనీలకే. పూర్తికాలపు ఫైనాన్స్ డైరెక్టరు ఇంత చిన్న వ్యాపారానికి అనవసరమనే మా ఉద్దేశం. ఆ జీతానికి సరిపడా పని లేక, ఆ మనిషి తన అవసరం చూపించుకోవడానికి లేనిపోని అప్పులు తెప్పిస్తాడు. రోజువారీ పద్దులకు ఒక గుమస్తా, నెలకు రెండు మూడు రోజులు వచ్చి ముందు చూపు లెక్కలు వేసి వివరంగా చెప్పే అర్హత ఉన్న మనిషి చాలు. బ్యాంకు అప్పు ఏడాది మిగులును మించిపోయినా, రెండో చోట శాఖ పెట్టినా, బయటివాళ్ళ పెట్టుబడి తీసుకోబోతున్నా అప్పుడు పూర్తికాలపు మనిషి గురించి ఆలోచించవచ్చు.

ఆ మనిషి ఎవరు? రాజమండ్రి, కొవ్వూరు కాలేజీల నుంచి ఏటా బీకాం, ఎంకాం చదివిన ఆడపిల్లలు బయటికి వస్తున్నారు. పెళ్ళయ్యాక వాళ్ళలో కొందరు అత్తవారి వ్యాపారంలో జీతం లేని గుమస్తాలవుతున్నారు. మిగతావాళ్ళ చదువు అటకెక్కుతోంది. వాళ్ళను జీతమిచ్చి పెట్టుకోండి. ఇంటి కోడలే ఆ చదువు చదివి ఉంటే ఆమెకే నియామక పత్రం, నెలజీతం ఇవ్వండి. ఆదాయపు పన్ను చట్టంలో ఒక విచిత్రం ఉంది. భార్యాభర్తల్లో ఒకరికి గణనీయమైన వాటా ఉన్న వ్యాపారంలో రెండోవారు జీతం తీసుకుంటే, ఆ జీతాన్ని మొదటివారి ఆదాయంలోనే కలపమంది. సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ నైపుణ్యంతో సంపాదించిన జీతమైతే మాత్రం కలపనక్కర లేదంది. పన్ను ఎగవేతను ఆపడానికి పెట్టిన నియమమే కావచ్చు. అయినా పదిహేనేళ్ళ అనుభవంతో లెక్కలు చూసిన ఇల్లాలి జీతం ఆమెది కాదని, డిగ్రీ ఉన్న స్త్రీ జీతం ఆమెదేనని చట్టం చెప్పడం మనకు మింగుడుపడే విషయం కాదు. ఉన్నది ఉన్నట్టు తెలుసుకుని, వీలైన చోట ఆ అర్హత సంపాదించుకోవడం మంచిది.

పెట్టుకునే రోజున మాట్లాడుకోవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. పుస్తకాలు, కంప్యూటరు, రహస్య సంకేతాలు దుకాణంలోనే ఉండాలి, ఆ మనిషి ఇంట్లో కాదు. ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఫోను నంబరు వాళ్ళదే ఉండాలి. చెల్లింపుకు రెండు సంతకాలు కావాలి, అందులో ఒకటి ఆమెది. నెల తిరిగేసరికి ఒక్క పేజీ, తెలుగులో రాసి ఇవ్వాలి: చేతిలో ఎంత, రావలసింది ఎంత, ఇవ్వవలసింది ఎంత, వచ్చే మూడు నెలల్లో ఎక్కడ కొరత. ఆ పేజీని ఇన్నాళ్ళూ లెక్కలు రాసిన ఆమెకు ఎదురుగా కూర్చుని వివరించాలి. ఆమె అడిగిన ప్రశ్నకు విసుక్కునే మనిషి ఎంత తెలివైనవాడైనా వద్దు. వచ్చిన మనిషి మొదటి నెలంతా ఆమె దగ్గర కూర్చుని, ఎవరికి అప్పు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో నేర్చుకోవాలి. ఆ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు.

2027లో గోదావరి పుష్కరాలు. 2015లో గోష్పాద క్షేత్రం దగ్గర జనం ఎలా కిక్కిరిసారో కొవ్వూరు వాళ్ళకు చెప్పనక్కర లేదు. పన్నెండేళ్ళకోసారి పన్నెండు రోజుల గిరాకీ. హోటళ్ళు, పూజాసామగ్రి దుకాణాలు, వసతి గదులు, మిఠాయి కొట్లు దానికోసం ముందే అప్పు చేస్తాయి, సరుకు పోస్తాయి, మనుషులను పెట్టుకుంటాయి. లెక్కల మనిషి కావాలా వద్దా అని ఇంట్లో అప్పుడే మాట వస్తుంది. ఆ మాట వచ్చిన రోజున, బీరువాలోంచి ఏది ఎంతకు తాకట్టు వెళ్ళబోతోందో, పదమూడో రోజున మిగిలిపోయే సరుకు విలువ ఎంతో, ఆ అప్పు పత్రం మీద ఎవరి సంతకం ఉంటుందో ఒక కాగితం మీద రాయించుకుని, చదివి, అప్పుడు సంతకం చెయ్యండి.